ఆచ్ఛాదన వేస్తే పాములు రావా అన్నా? మన పొలం పాముల్ని గుర్తుపట్టడం (వీడియోతో)

ఆచ్ఛాదన మీద ఏ వీడియో చేసినా రెండు రోజులు తిరక్కుండా ఎవరో ఒకరు ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఇది. "గడ్డి పరిస్తే పాములు రావా అన్నా?" వస్తాయి. దాచేదేం లేదు. ఎందుకు రావు? నేల చల్లగా, తేమగా ఉంటుంది. గడ్డి కింద పురుగు చేరుతుంది, పురుగు కోసం కప్ప వస్తుంది, గింజ కోసం ఎలుక వస్తుంది. ఈ రెండింటి కోసం పాము వస్తుంది. ఎలుకల మందు పెట్టడం మానేసిన పొలంలో ఎలుకల్ని పట్టే పని ఎవరో ఒకరు చేయాలి కదా. గుడ్లగూబ, ముంగిస, పిల్లి చేసేది కొంత. కన్నంలోకి దూరి పిల్లల్ని కూడా వదలకుండా తినేది పాము ఒక్కటే.

కానీ ఈ మాట చెప్పి ఊరుకుంటే అది సగం మాటే అవుతుంది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. అందులో సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే, అంటే మనం నాట్లు, కలుపుల్లో ఉండే రోజుల్లోనే. కాట్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. పోయేది ఎవరు? మనలాంటి వాళ్ళే. అందుకే ఈసారి వీడియోలో జీవామృతం, ఘనజీవామృతం పక్కన పెట్టి పాముల మీద చేశాను. వీడియోలో చూపించినవి బొమ్మల్లో చూస్తేనే అర్థమవుతాయి. ఇక్కడ రాసేవి తీరిగ్గా చదువుకుని ఇంట్లోవాళ్ళకు కూడా చదివి వినిపించండి.

ముందే ఒక మాట చెప్పి మొదలుపెడతాను. పామును గుర్తుపట్టడం కాటు పడక ముందు పనికొచ్చే చదువు. కాటు పడ్డాక దానితో పని లేదు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తున్నారు. మామూలు రోజుల్లో "పాము అంటే పామే, కొట్టేయ్" అంటారు. కాటు పడ్డ రోజు మాత్రం టార్చిలైటు పట్టుకుని ఏ పామో తేల్చేదాకా కదలరు.

ఇది నేను అఫ్జల్‌గంజ్‌లో కళ్ళారా చూశాను. రెండేళ్ళ కింద వానాకాలంలో మా ఊరి తమ్ముడు ఒకడికి తోడుగా ఉస్మానియా ఆసుపత్రి దగ్గర నాలుగు రోజులు ఉన్నాను. మక్కచేనుకు అడవిపందుల కాపలా పోయి, మంచె మీద వాన కొడుతుందని కింద గుడిసెలో సంచి పరుచుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి కడుపునొప్పి అన్నాడట. గ్యాస్ పట్టిందని వాళ్ళమ్మ వాము నీళ్ళు తాగించింది. ఆరింటికల్లా కనురెప్పలు వాలిపోయాయి. మాట ముద్దముద్దగా వచ్చింది, మింగుడు పడలేదు. ఒంటి మీద ఎక్కడా వాపు లేదు, పంటి గాటు కూడా కనపడలేదు. పామును ఎవరూ చూడలేదు. వాళ్ళక్క మాత్రం "ఇది గ్యాస్ కాదు" అని 108కి కొట్టింది. జిల్లా ఆసుపత్రిలో పాముకాటు ఇంజెక్షన్ మొదలుపెట్టి, ఊపిరికి గొట్టం వేసి పంపించారు. వాడు బతికాడు, ఇప్పుడు యాసంగి వరి వేసుకుంటున్నాడు. నాకు గుర్తుండిపోయింది ఏమిటంటే, డాక్టరు ఒక్కసారి కూడా "ఏం పాము?" అని పట్టుబట్టలేదు. నొప్పి ఎన్నింటికి మొదలైంది, రెప్పలు ఎన్నింటికి వాలాయి, మూత్రం పోశాడా, ఇవే అడిగాడు. ఆ గుర్తులన్నీ కట్లపామువి.

ఆ నాలుగు రోజుల్లో వార్డు బయట కూర్చున్నవాళ్ళతో మాటలు కలిశాయి. వికారాబాద్ వైపు వాళ్ళు, నాగర్‌కర్నూల్ వాళ్ళు, నల్లగొండ వాళ్ళు. అందరిదీ ఏదో ఒక కాటు కథే. ముగ్గురు "పెంజర కరిచింది" అన్నారు. వివరంగా అడిగితే ఒకరు చెప్పింది రక్తపింజర, ఇంకొకరు చెప్పింది జానెడు పొడవుండే పొడపాము, మూడోవారు చెప్పింది విన్నాక అది ఏదో నాకు అర్థం కాలేదు. పేరు మండలం మండలానికీ మారిపోతుంది. మనిషి చెప్పిన పేరును బట్టి వైద్యం చేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

ఒక పెద్దాయన ఇంకో పని చేశాడు. కొడుకును కరిచిన పామును వెతికి చంపి కారీబ్యాగులో వేసుకుని వచ్చాడు. గడ్డివాము మొత్తం విప్పితే అందులో దొరికిందట. దానికోసం రెండు గంటలు. ఆ సంచిలో ఉన్నది పూడుపాము. విషం లేదు, ఎవర్నీ ఏమీ అనదు. కొడుకు కాలేమో మోకాలి దాకా వాచి ఉంది, చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. కరిచింది వేరే పాము, అది ఎప్పుడో పోయింది. దొరికింది వాములో పడుకుని ఉన్న అమాయకపు పాము. అదృష్టం బాగుండి డాక్టర్లు సంచిలో పామును చూసి తీర్మానం చేయలేదు, రక్తం తీసి చూశారు.

ఆ పరీక్ష ఎంత సింపుల్‌గా ఉంటుందో చెబితే నమ్మరు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా పెడతారు. తర్వాత వంచి చూస్తారు. గడ్డకడితే సరే. నీళ్ళలా జారితే పింజర జాతి విషం ఎక్కిందని లెక్క. మిషను అక్కర్లేదు. ఇక మన దేశంలో ఇచ్చే పాముకాటు మందు ఒకటే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, పొడపాము, ఈ నాలుగు విషాలకూ కలిపి గుర్రాల రక్తం నుంచి తయారు చేస్తారు. పాము పేరు చెప్పినా చెప్పకపోయినా ఎక్కించేది అదే మందు. చిన్న పిల్లలకు కూడా పెద్దవాళ్ళ డోసే ఇస్తారు, ఎందుకంటే పాము పిల్లవాడని చూసి విషం తగ్గించదు. కాబట్టి పామును వెతకొద్దు, పట్టొద్దు, తేవొద్దు. దూరం నుంచి ఫోన్లో ఫొటో పడితే మంచిదే, పడకపోతే వదిలేయండి.

అక్కడ ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు సుమారు 150 మంది దాని కొమ్మలెక్కి బతికారట. మధ్యాహ్నాలు దాని నీడ వైపు పోయి కూర్చునేవాడిని. ఈ వీడియో చేయాలన్న ఆలోచన అక్కడే వచ్చింది.

నాలుగు విషపాములు, వాటి పోలికలు

ఇక గుర్తుపట్టే సంగతి. మన దేశంలో 300కు పైగా పాము జాతులు ఉన్నాయి. భయపడకండి, మనకు అన్నీ అక్కర్లేదు. తెలంగాణ మైదానంలో మనిషి ప్రాణం తీసే కాట్లు దాదాపు అన్నీ ఆ నాలుగింటివే. ఉత్తరాంధ్ర తూర్పు కనుమల్లో రాచనాగు, పిట్ వైపర్ లాంటివి కూడా ఉన్నాయి. అక్కడి రైతులు వాటి గురించి విడిగా తెలుసుకోవాలి. ఈ నాలుగు, వాటిని పోలి ఉండే అమాయకపు పాములు నాలుగైదు గట్టిగా మనసులో పెట్టుకుంటే చాలు.

"తల త్రికోణంగా ఉంటే విషం" అనే మాట ముందు మర్చిపోండి. నాగుపాముకు, కట్లపాముకు తల త్రికోణంగా ఉండదు. బెదిరిన నీరుకట్టె తల వెడల్పు చేసి త్రికోణంగా చూపిస్తుంది. అలాగే "రెండు గాట్లు ఉంటేనే విషపాము" అనేది కూడా నమ్మదగ్గది కాదు. మా తమ్ముడికి ఒక్క గాటు కూడా కనపడలేదని చెప్పాను కదా.

నాగుపాము అందరికీ తెలుసు అనుకుంటాం. పడగ విప్పితే తెలుసు, విప్పకపోతే? గట్టు మీద పరుగెత్తే గోధుమ రంగు పాము నాగుపామా, జెర్రిపోతా అని చాలామంది తికమక పడతారు. జెర్రిపోతు పొడుగు, ఆరేడు అడుగులు మామూలే. ఒళ్ళు సన్నం, కళ్ళు పెద్దవి, పెదవుల మీద నిలువుగా నల్లటి గీతలు ఉంటాయి. మనిషిని చూడగానే పరారు. నాగుపాము అంత పొడవు ఉండదు, తల మొద్దుగా ఉంటుంది, మెడ కింద వైపు నల్లటి పట్టీలు ఉంటాయి. పారిపోయే దారి లేకపోతే ఆగి లేస్తుంది. మన పొలాల్లో ఎలుకల్ని బాగా తినేది జెర్రిపోతు. దాన్ని చంపినవాడు తన గాదె తాళం తీసి ఎలుక చేతికి ఇచ్చినట్టే. ఆవు పొదుగు పట్టి పాలు తాగుతుందని, తోకతో కొడితే చేయి ఎండిపోతుందని దాని మీద ఎన్ని చాడీలో. పాము నోరు పాలు పీల్చడానికి పనికిరాదు. ఆవు పాలు తగ్గితే మేత చూడండి, పొదుగువాపు ఉందేమో చూడండి.

ఇక కట్లపాము. నా లెక్కలో మనకు అన్నిటికంటే ప్రమాదం దీంతోనే. పగలు ముడుచుకుని పడి ఉంటుంది, ఏమీ అనదు. రాత్రి తిరుగుతుంది. నేల మీద పడుకున్న మనిషి పక్కలోకి దూరుతుంది, మనం ఒత్తిగిలితే కరుస్తుంది. నొప్పి చీమ కుట్టినంత, చాలామందికి మెలకువ కూడా రాదు. నల్లగా, నీలం ఛాయతో నిగనిగలాడుతుంది. దాని మీద సన్నటి తెల్లటి కట్లు, చాలాసార్లు జంటలు జంటలుగా. ఆ కట్లు మెడ దగ్గర సరిగ్గా ఉండవు, ఉన్నా చుక్కల్లా ఉంటాయి. కిందికి పోయేకొద్దీ, తోక వైపు తేటగా కనిపిస్తాయి. దీన్ని పోలి ఇళ్ళల్లో ఇంకో పాము తిరుగుతుంది, ఇంగ్లీషులో వుల్ఫ్ స్నేక్ అంటారు. బల్లుల కోసం గోడలెక్కుతుంది, విషం లేదు. దాని రంగు గోధుమ, కట్లు మెడ దగ్గరే వెడల్పుగా మొదలై తోక వైపు మాసిపోతాయి. అంటే కట్లపాముకు సరిగ్గా తిరగేసి. పిల్ల కట్లపాముల్లో ఈ తేడా అంత బాగా తెలియదు, కాబట్టి తేడా తెలిసింది కదా అని దగ్గరికి పోయి చేతితో పట్టుకోకండి.

పాము దొరక్కపోయినా కుబుసం దొరుకుతుంది. ఇది మన రైతులకు బాగా పనికొచ్చే గుర్తు. కట్లపాము వెన్ను మీద నడిమధ్య వరుస పొలుసులు మిగతావాటికంటే పెద్దవి, తేనెపట్టు గదుల్లా ఆరు మూలలతో ఉంటాయి. కుబుసాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. వీడియోలో కట్లపాముది, జెర్రిపోతుది పక్కపక్కన పెట్టి చూపించాను. ఇంటి చూరులోనో, పంపుసెట్టు గదిలోనో, స్టార్టర్ డబ్బా వెనకో అలాంటి కుబుసం దొరికితే ఆ రోజు నుంచి అక్కడ ఎవరూ నేల మీద పడుకోకూడదు.

రక్తపింజర. పెంజర అనండి, పింజర అనండి. లావుగా, మొద్దుగా, మట్టి రంగులో ఉంటుంది. వీపు మీద మూడు వరుసల్లో ముదురు గోధుమ రంగు గుండ్రటి మచ్చలు, చుట్టూ నల్లటి అంచు, గొలుసు దిద్దినట్టు. పక్కకు తప్పుకోదు, అదీ దీనితో చిక్కు. ఎండిన ఆకుల్లో, వరి పనల కింద, మన ఆచ్ఛాదనలో కలిసిపోయి కదలకుండా ఉంటుంది. దగ్గరికి పోతే కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది. ఆ శబ్దం వినపడితే ఉన్నచోటే ఆగి, చూసుకుని, వెనక్కి నడవాలి. కాటు వేస్తే విపరీతమైన నొప్పి, వాపు, రక్తం గడ్డకట్టకపోవడం, మూత్రపిండాలు దెబ్బతినడం. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది, ఒక్కో ఈతకు ఇరవై ముప్పై దాకా. వానాకాలం మొదట్లో పొలంలో కనపడే జానెడు పొడవు పిల్లలకు కూడా విషం ఉంటుంది.

దీనితో పోలిక పడి చచ్చేవి రెండు: పూడుపాము, కొండచిలువ పిల్ల. పూడుపాము మచ్చలు గొలుసులా వరుసలో ఉండవు, ఒకదానిలో ఒకటి కలిసిపోయి అడ్డదిడ్డంగా ఉంటాయి. తోక కురచగా ఉంటుంది, మెడ వేరుగా తెలియదు. కొండచిలువ మచ్చలు పెద్దవి, ఏ రెండూ ఒక ఆకారంలో ఉండవు, తుంచి అతికించిన గుడ్డపేలికల్లా ఉంటాయి.

ఈ పాము గురించి మన భాష చరిత్రలో ఒక ముచ్చట ఉంది. 1780ల్లో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు విశాఖపట్నంలో ఉండి, ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పని చేశాడు. కోరమాండల్ తీరం పాముల మీద 1796లో పుస్తకం వేశాడు. బొమ్మల పక్కన స్థానికులు చెప్పిన పేర్లు రాసుకున్నాడు. ఈ పామును తెలుగువాళ్ళు "కాటుక రేకుల పొడ" అంటారని అందులో ఉంది. ఇప్పుడు ప్రపంచమంతా రస్సెల్స్ వైపర్ అని ఆయన పేరు పెట్టి పిలుస్తోంది. నన్నడిగితే పాత పేరే మేలు. కాటుక దిద్దిన రేకుల్లాంటి పొడ అంటే మచ్చ, దాని అంచు, రంగు మొత్తం పేరులోనే ఉన్నాయి. "రక్తపింజర" అనే పేరు కాటు తర్వాత ఏమవుతుందో చెబుతుంది, పాము ఎలా ఉంటుందో చెప్పదు. అన్నట్టు, కట్లపాము జాతి మొత్తానికి శాస్త్రంలో ఉన్న పేరు బంగారస్. అది మన "బంగారం" నుంచే పోయింది. పసుపు, నలుపు పట్టీల బంగారు పాము కూడా ఆ జాతిదే. విషపామును జనం తేలిగ్గా గుర్తుపట్టే దారి ఏదైనా దొరుకుతుందా అని రస్సెల్ చాలా వెతికాడు. పైకి కనిపించే ఒక్క గుర్తుతో అన్నిటినీ తేల్చేసే సులువు ఆయనకు దొరకలేదు. మనకూ లేదు. ఒక్కోదాన్ని విడివిడిగా నేర్చుకోవాల్సిందే.

నాలుగోది పొడపాము, సా స్కేల్డ్ వైపర్. చిన్నది, రెండడుగులు దాటదు. రాళ్ళు, మొరం ఉన్న మెట్ట భూముల్లో ఎక్కువ. చిన్న పామని చులకన చేస్తారు కానీ కోపం ఎక్కువ. మెలికలుగా చుట్టుకుని పొలుసుల్ని ఒకదానికొకటి రాపాడిస్తుంది, ఆకురాయి మీద ఆకురాయి గీసినట్టు గరగర శబ్దం వస్తుంది. తల మీద పిట్ట కాలి ముద్ర లాంటి గుర్తు ఉంటుంది. దీన్ని చూసి పొరబడేది పిల్లిపాము, అంటే క్యాట్ స్నేక్. అది తాడులా సన్నగా, తోక చాలా పొడవుగా ఉంటుంది, చెట్లెక్కుతుంది. దానికి కొంచెం విషం ఉన్నా మనిషికి ప్రమాదం లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వరిమడిలో, కాలువలో గళ్ళ చీర లాంటి ఒంటితో ఉండేది నీరుకట్టె. కోపిష్టి, తొందరగా కరుస్తుంది, రక్తం వస్తుంది, విషం మాత్రం లేదు. పచ్చగా తీగలా వేలాడేది పసిరిక పాము. కళ్ళు పొడుస్తుందని పేరు పెట్టారు పాపం, బల్లుల్ని, తొండల్ని తిని బతుకుతుంది. వర్మీకంపోస్టు తవ్వితే వానపాములా నల్లగా మెరుస్తూ, నాలుక ఆడించేది గుడ్డిపాము. చీమల గుడ్లు, చెదపురుగుల్ని తింటుంది. దాన్ని మళ్ళీ మట్టిలో వేసేయండి.

పొలంలో మార్చుకోవాల్సినవి

ఆచ్ఛాదన మానక్కర్లేదు. కానీ నడిచే దారి, మోటారు చుట్టూ, గేటు వాల్వుల చుట్టూ మీటరు మేర గడ్డి వేయకుండా నేల కనపడేలా ఉంచండి. చెట్టు పాదులో చేయి పెట్టేముందు కర్రతో కదపండి. గడ్డివాము, కట్టెలమోపు, పిడకల కుప్ప ఇంటి గోడకు ఆనించి పెట్టొద్దు. గడ్డి లాగేటప్పుడు ఒట్టి చేతులతో కాదు, కొంకికర్రతో లాగండి. కలుపు తీసే ఆడవాళ్ళకు కూడా బూట్లు కొనండి. ఎందుకో మన ఇళ్ళల్లో బూట్లు మగవాళ్ళకే కొంటారు, వంగి గడ్డిలో చేతులు పెట్టేది మాత్రం ఆడవాళ్ళు.

ఒకప్పుడు రాత్రి కరెంటు కోసం చీకట్లో బాయికాడికి పోయి ఎంతమంది కాట్లు తిన్నారో మన పెద్దవాళ్ళకు తెలుసు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక రాత్రి పోవాల్సిన అవసరం తగ్గింది. అయినా అలవాటు కొద్దీ పోయేవాళ్ళు ఉన్నారు. పోతే టార్చి ఉండాలి. ఫోన్ లైటు సరిపోదు, ఆ వెలుగు కాలి ముందు రెండడుగులే పడుతుంది.

కాపలా పడుకునేవాళ్ళు మంచం మీదే పడుకోవాలి, దోమతెర అంచులు పరుపు కింద దోపుకోవాలి. నేపాల్ తెరాయిలో జరిగిన అధ్యయనంలో దోమతెరలో పడుకునేవాళ్ళకు పాముకాట్లు తక్కువని తేలింది. దోమలకు అని కొన్న తెర కట్లపాముకు కూడా అడ్డం.

ఫినాయిలు చల్లడం, వెల్లుల్లి ఘాటు, సర్పగంధ మొక్క నాటడం, చుట్టూ తాడు వేయడం లాంటివాటిని నమ్ముకుని పడుకోవద్దు. మన కషాయాల వాసనకు కూడా పాములు పోవు. తోటలకు కట్టే నైలాన్ వలలు నేలకు ఆనకుండా ఎత్తుగా కట్టండి. వాటిలో జెర్రిపోతులు చిక్కుకుని కోసుకుపోయి చస్తున్నాయి.

కాటు పడితే

కూర్చోబెట్టండి, పరుగెత్తనీయొద్దు. కాటు పడ్డ చేయో కాలో విరిగిన ఎముకకు కట్టినట్టు బద్ద పెట్టి వదులుగా కట్టి కదలకుండా చేయండి. ఉంగరం, గాజులు, మెట్టెలు, కడియాలు తీసేయండి, వాపు వస్తే అవే కోసేస్తాయి. బిగించి తాడు కట్టొద్దు, బ్లేడుతో కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు పోయొద్దు. టైం చూసి గుర్తుపెట్టుకోండి. వాంతి వస్తుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108కి కొట్టండి, రావడం ఆలస్యమైతే దొరికిన బండి మీద ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టి తీసుకుపోండి.

మంత్రం వేసేవాళ్ళ గురించి ఒక్క ముక్క. వాళ్ళ దగ్గర బతికినవాళ్ళు ఉన్నారు, అబద్ధం కాదు. పూడుపామో, నీరుకట్టో, వుల్ఫ్ స్నేకో కరిచినవాళ్ళు ఎక్కడైనా బతుకుతారు. విషపాము కూడా ఒక్కోసారి విషం దింపకుండా కరుస్తుంది. ఆ లెక్కంతా మంత్రం ఖాతాలో పడుతుంది. కట్లపాము కాటుకు మంత్రగాడి అరుగు మీద కూర్చున్న మూడు గంటల్లో ఊపిరి ఆగిపోవచ్చు.

అసలు పని కాటు పడక ముందే ఉంది. మీ పీహెచ్‌సీలో పాముకాటు ఇంజెక్షన్ ఉందా, రాత్రిపూట డాక్టరు ఉంటారా, లేకపోతే దగ్గర్లో ఎక్కడ ఉంది అని ఈ వారంలోనే పోయి అడగండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ మందు ఉచితం. నేరుగా హైదరాబాద్ పోదాం, పెద్దాసుపత్రి అయితే మంచిదని మూడు గంటలు కారులో తిప్పొద్దు. మా తమ్ముడు అఫ్జల్‌గంజ్ దాకా ప్రాణంతో చేరింది జిల్లాలోనే మొదటి మందు పడ్డందుకే.

రెండు తలల పాము కొంటామని, లక్షలు ఇస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే మాట్లాడకుండా పెట్టేయండి. అది పూడుపాము జాతిదే, తోక మొద్దుగా ఉండి తలలా కనపడుతుంది, దానిలో ఏ మహత్తూ లేదు. 1972 వన్యప్రాణి చట్టం కింద కేసయితే భూమి అమ్మి తిరగాలి.

ఇంట్లోకి పాము వస్తే పిల్లల్ని బయటికి పంపి, దూరం నుంచి దాని మీద ఒక కన్ను వేసి ఉంచి, పాములు పట్టడంలో శిక్షణ ఉన్నవాళ్ళను పిలవండి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి ఈ పని చేస్తోంది. జిల్లాల్లో అటవీశాఖ ఆఫీసులో అడిగితే దగ్గర్లో ఉన్నవాళ్ళ వివరాలు చెబుతారు. మీ మండలంలో ఈ నాలుగింటినీ ఏ పేర్లతో పిలుస్తారో నాకు రాసి పంపండి, వీలైతే కుబుసం ఫొటో కూడా. ముప్పై నలభై వస్తే ఊరి పేర్లతో సహా ఇంకో వీడియో చేద్దాం.